పత్తివిత్తుల పాలు

పోయిన ఎండాకాలం మా మనవరాలు మేఘన కర్నూలుకు వచ్చి నా దగ్గర కొన్నాళ్ళు ఉంది. వస్తూ వస్తూ ఒక సంచిలో కసరత్తుకు సాగే రబ్బరు పట్టీలు, ఒక పెద్ద పొడి డబ్బా, అరచేయంత కాటా తెచ్చుకుంది. ఆ కాటా మీద గిన్నె పెట్టి ఉడికించిన శనగలు తూచుకునేది, పనీరు తూచుకునేది, పెరుగు కూడా తూచుకునేది. కండ పెరగాలంటే మనిషి బరువుకు తగినంత మాంసకృత్తులు రోజూ కడుపులో పడాలట. ఆ పిల్ల మందుల శాస్త్రం చదివింది కాబట్టి అది గాలిమాట కాదు. అన్నం తూచి తినడం చూసి మా కోడలు నవ్వింది గానీ నేను నవ్వలేదు. నేను పుట్టింది కాటా ఉన్న ఇంట్లో. తూచకుండా ఒక వస్తువు గడప దాటినా, తూచకుండా ఒక వస్తువు గడప లోపలికి వచ్చినా మా నాయనకు ఆ రోజు తిన్నది అరిగేది కాదు. ఆ బుద్ధి నాకూ వచ్చింది. ఈ వయసులో కూడా పాలవాడి లెక్క, కరెంటు లెక్క నేనే చూస్తాను.

ఒక పొద్దున శనగలు తూచుకుంటూ మేఘన అడిగింది, "నానమ్మా, మీ కాలంలో కండ పెరగాలంటే ఏం తినేవాళ్ళు?" అని. నేను గొప్పగానే చెప్పాను. మా అన్న నారాయణ కోడిగుడ్డు ముట్టకుండా, ఏ పొడీ లేకుండా, పత్తివిత్తుల పాలు తాగి కుస్తీ తాలీంలో మొనగాడైన సంగతి చెప్పాను. ఆ పిల్ల చేతిలో గరిటె ఆగింది. "కాచి తాగేవాడా, పచ్చివా?" అంది. "పచ్చివే. కాస్తే సారం పోతుందని మా అవ్వ కాయనిచ్చేది కాదు" అన్నాను. "ఎన్నాళ్ళు తాగాడు?" "ఎన్నాళ్ళేమిటి, ఏళ్ళు తాగాడు." మేఘన కాసేపు ఫోనులో చదివి, నా పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది. పత్తివిత్తులో ఒక విషం ఉంటుందట. నెమరువేసే పశువులు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. మనిషి పచ్చిగా చాలాకాలం తీసుకుంటే కండరాల్లో సత్తువ పోవచ్చు, మగవాళ్ళకు పిల్లలు పుట్టకుండా పోవచ్చు. ఈ చివరి మాట కూడా ఆమె మిగతా మాటల్లాగే చెప్పింది. ఆ పిల్లకు తెలియదు. మా అన్నకు పిల్లలు లేరు. ఆ పాపాన్ని మా ఇల్లంతా కలిసి మా వదిన రత్నమ్మ నెత్తిన పెట్టి, ఆమెను గొడ్రాలని పిలిచింది.

తేదీలు రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఎవరి పెళ్ళి ఏ రోజు, ఏ ఏడు వాన పడలేదు అనేవి ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నన్నే అడుగుతారు. ఈ సంగతికి మాత్రం తేదీలు వేయబుద్ధి కావడం లేదు. వేస్తే అదేదో సక్రమంగా జరిగిన వ్యవహారంలా కనబడుతుంది. మా ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో మొదలై, మేము ఆంధ్రాలోకి వచ్చాక కూడా కొన్నేళ్ళు సాగింది. అంతవరకు చెబితే చాలు.

మా ఇంటికి ముందు భాగం అంగడి, వెనక భాగం కాపురం. మధ్యలో ఒక్క తలుపు. పత్తి కాలంలో ఆ తలుపు సందులోంచి నూగు వచ్చి అన్నం మీద, దీపం మీద, మా తలవెంట్రుకల మీద వాలేది. గోనెపట్టల వాసన, బుడ్డల, అంటే వేరుశనగల, దుమ్ము వాసన, పత్తినుంచి గింజ తీసే జిన్నులో వేరైన విత్తుల నూనె వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేది. వేరే ఊరికి పోయి వస్తే తప్ప అది వాసనని మాకు తెలిసేది కాదు. నాయన పత్తీ, ధాన్యమూ రెండూ చేసేవాడు. వంటింటి పెత్తనం మా అవ్వది, అంటే నాయన తల్లిది. సామాను దాచే అర గది తాళంచెవి ఆమె నడుముకు ఉండేది. పొద్దున ఆ అర తెరిచి ఆ పూటకు కావలసిన పప్పూ బెల్లమూ నూనే తీసి ఇచ్చి మళ్ళీ తాళం వేసేది. మా అమ్మ ఇచ్చింది తీసుకుని వండేది. అమ్మ ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. జొన్నరొట్టె తట్టేటప్పుడు వచ్చే చప్పుడే ఆమె గొంతు అన్నట్టు ఉండేది.

అన్న నాకంటే పది పన్నెండేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు. చదువులో చురుకే, లెక్కల్లో నాయనను మించినవాడు. కానీ అంగట్లో హమాలీలకు వేళాకోళమైపోయాడు. "చిన్నశెట్టీ, గాలి లేస్తాంది, ఆ పత్తి మూటను గట్టిగా పట్టుకో. నీకోసరం గాదు, మూట కోసరం" అని ఒకడు అంటే మిగతావాళ్ళు మూటలు దించి మరీ నవ్వేవాళ్ళు. అన్న కూడా నవ్వేవాడు. లోపలికి వచ్చాక నవ్వేవాడు కాదు.

యెమ్మిగనూరు సంబంధం వచ్చింది అప్పుడే. వాళ్ళు మగ్గాలవాళ్ళకు నూలు అమ్మే వర్తకులు, మావాళ్ళే. నాయనా అవ్వా పోయి పిల్లను చూసి వచ్చారు. తరువాత వాళ్ళు మా ఇంటికి వచ్చారు. వచ్చినవాళ్ళలో పిల్ల మేనమామ రంగయ్య పెద్దమనిషి. ఆయన మాట మీదే ఆ ఇంట్లో అన్నీ నడిచేవి. ఫలహారం తిన్నాక ఆయన అన్నను దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని మణికట్టు పట్టుకున్నాడు. నాడి చూస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ మణికట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు, నూలుపోగు పురి చూసినట్టు. తరువాత నాయన వైపు తిరిగి అన్నాడు.

"నూలు మంచిదేనప్పా, నేనేం కాదనను. సన్నం. మగ్గం మీదికి ఎక్కినాక తెగుతాదేమోనని మా భయం."

అంగట్లో హమాలీలు వింటున్నారు. తలుపు వెనక నేను ఉన్నాను. నాయన ఒక నవ్వు తెచ్చుకుని, "పిల్లగాడు సదువులో పడి తిండి మర్సినాడు" అన్నాడు. రంగయ్య మామ అసలు సంగతి అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఇంట్లో ఒక ఆడబిడ్డ మొగుడు దగ్గి దగ్గి పోయాడట. క్షయ. అందుకని వాళ్ళకు సన్నవాళ్ళంటే భయం. "మేము వద్దనలే. వచ్చే ఉగాదికి మళ్ళా వస్తాం. కొంచెం కండ పట్టించండి. పిల్లను యాడికీ ఈయం, మీకే పెట్టినాం" అన్నాడు. మర్యాదగా చెప్పిన మాటే. కానీ సరుకు బాగాలేదని మా గడపలోనే నిలబడి చెప్పి, గడువిచ్చి పోయారు. ఆ అవమానం మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా అవ్వకు తగిలింది.

కండ ఎట్లా పట్టించాలో మాకెవరికీ తెలియదు. మా ఇళ్ళల్లో పొట్ట పెంచడం తెలుసు, కండ పెంచడం తెలియదు. నాయన అన్నను తాలీంకు పంపాడు. ఎర్రమట్టి గోదాలో ముసల్మాను పిల్లలు, బోయ పిల్లలు కుస్తీ పట్టేచోటు అది. అక్కడి ఉస్తాదు అన్నను చూసి, "శెట్టీ, దండీలు బస్కీలు నేను తీయిస్తా. మిగిలింది నీ ఇంట్లో వంట. రోజూ గుడ్లు తిను, వారానికోసారి మేకకాళ్ళ చారు తాగు" అన్నాడట. అన్న ఆ మాట ఇంట్లో చెప్పగానే అవ్వ రెండు చెవులూ మూసుకుంది. "గుడ్డు అనే మాట ఈ ఇంట్లో అనినా మడి చెడతాది" అంది. ఆ తరువాత ఆలోచనలో పడింది. ఆ ఆలోచన ఎక్కడ తేలిందో నాకు బాగా గుర్తు, ఎందుకంటే నేను ఆమె పక్కనే బుడ్డలు ఒలుస్తున్నాను.

గోనెగండ్ల నుంచి మాకు పత్తి తెచ్చే రెడ్డి ఒకాయన ఉండేవాడు. ఆయన ఎద్దులు బండలాగుడు పోటీల్లో పేరున్నవి. బండి కట్టి మా అంగడి ముందర నిలిపితే పిల్లలం చూడటానికి పరిగెత్తేవాళ్ళం. మెడ కింద కండ అలలు అలలుగా కదిలేది. ఆ రోజు ఆయన పత్తి దించి, ఎప్పట్లాగే ఎద్దుల కోసం విత్తులు కొంటున్నాడు. అవ్వ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఏమప్పా రెడ్డీ, యేం పెడతాండావు వాటికి?"

"ఇవే అవ్వా, మీ పత్తి ఇత్తులు. నానేసి, రుబ్బి, పాలు పిండి పోస్తాం. ఉలవలు యేరే."

"కాస్తారా?"

"ఎద్దుకు కాసేదేంది అవ్వా. పచ్చివే."

అవ్వ లోపలికి వచ్చి అమ్మతో అన్న మాట ఇది. "బండ లాగే ఎద్దు యే గుడ్డు తినింది? మన ఇంట్లో కుప్పలు పెట్టుకోని ఊరంతా ఎతకతాండాం." మాకు అది గొప్ప తెలివిగానే తోచింది. మా సరుకే మాకు మందు. మడికి మడి, బలానికి బలం.

అట్లా మొదలైంది. రాత్రి విత్తులు నానబెట్టేవాళ్ళు. తెల్లారి అమ్మ రుబ్బురోట్లో వేసి రుబ్బేది, నేను నీళ్ళు చిలకరించేదాన్ని. విత్తులకు అంటుకున్న నూగు వేళ్ళకు చుట్టుకునేది. పల్చటి గుడ్డలో వేసి పిండితే పసుపు కలిసినట్టున్న తెల్లటి పాలు దిగేవి. అవ్వ అర తెరిచి కొంచెం బెల్లం, శొంఠి తెచ్చి కలిపి, ఇత్తడి చెంబునిండా పోసి అన్న చేతికి ఇచ్చేది. మిగిలిన పిప్పి బర్రెకు. మొదటిరోజు అన్న ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. అమ్మ మెల్లగా, "ఒక పొంగు రానిస్తే ఆ పసరు వాసన పోతాదేమో అత్తా" అంది. "పొంగితే సారం పోతాది. రెడ్డి సెప్పింది ఇనలేదా" అంది అవ్వ. అమ్మ ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు. ఇవాళ మేఘనను అడిగితే, కాచితే ఆ విషం చాలావరకు చస్తుందట. మనకు దక్షిణాన కొన్ని ఊళ్ళల్లో బాగా కాచే తాగుతారట. మా అమ్మ చెప్పిన ఆ ఒక్క మాట విని ఉంటే.

న్యాయంగా చెప్పాలంటే అన్న తిన్నది అదొక్కటే కాదు. నానబెట్టిన శనగలు, వేయించిన బుడ్డలు బెల్లంతో, గేదెపాలు, జొన్నరొట్టెల మీద గడ్డవెన్న, కందిపప్పులో గరిటెడు నెయ్యి. నాయనకు రాత్రిపూట ఇచ్చే పాలు ఆపి అవి కూడా అన్నకే పోశారు. రోజూ తాలీంలో చెమట కారేదాకా దండీలు తీసేవాడు. కండ రాకపోతే ఆశ్చర్యం గానీ వస్తే ఏం ఆశ్చర్యం? భుజాలు విచ్చుకున్నాయి, వంగిన వెన్ను నిలబడింది. చొక్కాలు పిగిలాయి. ఇప్పుడు తీరిగ్గా లెక్క వేస్తే ఆ కండ అంతా శనగలదీ, బుడ్డలదీ, పాలదీ, దండీలదీ. కానీ పేరు మాత్రం పత్తివిత్తులకు వచ్చింది. మిగతావన్నీ మేము ఎప్పుడూ తినేవే. కొత్తది అదొక్కటే. అందుకని దానికే పేరు.

ఉగాదికి రంగయ్య మామ వచ్చాడు. అన్న చొక్కా చేతులు పైకి మడిచి ఎదురుగా కూర్చున్నాడు. మామ దండచేయి పట్టుకుని చూసి, గట్టిగా నొక్కి చూసి, "ఇది నూలు గాదప్పా, మోకు. బావిలో పడిన బర్రెను ఈడ్సొచ్చు" అన్నాడు. హమాలీలతో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వుకు మేము ఏడాది ఎదురుచూశాం. అవ్వ కళ్ళు తుడుచుకుంది. పెళ్ళి బాగా జరిగింది.

వదిన వచ్చేనాటికి బొద్దుగా, చామనచాయగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే పిల్ల. పుట్టింట్లో బొరుగులూ మిరపబజ్జీలూ కొంగులో వేసుకుని తిరిగిన పిల్ల. నాకు ఒక అక్క వచ్చినట్టు అనిపించింది. మగ్గాల వీధుల కబుర్లు చెప్పేది. రంగయ్య మామ లాగా మనుషుల మణికట్లు పట్టి చూసి ఎవరెంత సన్న నూలో నంబర్లు చెప్పి నన్ను నవ్వించేది. పొద్దున్నే విత్తులు రుబ్బే పని అమ్మ నుంచి ఆమెకు వచ్చింది. పెళ్ళయ్యాక ఆ పాలు మానేస్తే కండ జారిపోతుందని అన్నకే భయం. తాలీంకు పోవడం తగ్గింది గానీ చెంబు మాత్రం ఆగలేదు.

ఏడాది అయింది, రెండేళ్ళు అయ్యాయి. కడుపు పండలేదు. అప్పుడు అవ్వ మళ్ళీ ఆలోచనలో పడింది. ఈసారి కూడా ఆమెకు జవాబు పశువుల కొట్టంలోనే దొరికింది. "కొవ్విన బర్రె సూడి కట్టదు" అంది. ఒళ్ళు తగ్గితే కడుపు నిలుస్తుందని తేల్చింది. వదినకు నెయ్యి ఆగింది, బుడ్డలు ఆగాయి, పెరుగు ఆగి మజ్జిగ అయింది. శుక్రవారం ఒక పూట, శనివారం ఒక పూట, సోమవారం పూర్తిగా లేదు. మిగిలిన రోజుల్లో కూడా అందరూ తిన్నాక ఉన్నదాంట్లోనే. ఒకే పొయ్యి మీద ఇద్దరికి రెండు రకాల వైద్యం. మొగుణ్ణి ఎద్దును మేపినట్టు మేపారు, పెళ్ళాన్ని బర్రెను ఎండగట్టినట్టు ఎండగట్టారు. ఆ రోజు అది మాకు క్రమశిక్షణలా కనిపించింది. మా ఇంట్లో ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టింది కూడా తక్కువే. అవ్వ అర తెరిచి తూచి ఇచ్చేది. తూకంలో ఎవరి పేరు లేకపోతే వాళ్ళకు లేదు. అంతే.

ఒక ఎండాకాలం పొద్దున అన్న మంచం మీంచి లేవలేకపోయాడు. కాళ్ళు ఉన్నాయి, కదలవు. "కాళ్ళు పత్తి మూటల మాదిరి ఉండాయే" అని ఏడ్చినంత పని చేశాడు. డాక్టరు వచ్చి ఏదో టానిక్కు రాసిచ్చాడు. రెండు మూడు రోజులకు మెల్లగా లేచి నడిచాడు. అవ్వ మాత్రం దిష్టి అంది. తాలీంలో ఎవరో కన్ను వేశారని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పోయిన సత్తువ తిరిగి రావాలని మరుసటి వారం నుంచి చెంబు ఒకటి రెండైంది. మందు ఎక్కువై పడినవాడికి మందు రెట్టింపు చేశాం. తప్పు తూకం మీద మళ్ళీ అదే రాయి వేసి సరిచూసుకున్నట్టు.

ఇంకో పెళ్ళి మాట అవ్వే తెచ్చింది. నాయన భయస్తుడు. "సట్టం ఒప్పదమ్మా ఇప్పుడు" అన్నాడు. ఒప్పుకోనిది చట్టం మాత్రమే అన్నట్టు. చివరకు వదినను పుట్టింటికి పంపాలని తీర్మానం అయింది, గాలి మార్పు అనే పేరుతో. అంత కండ ఉన్న మా అన్న గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. వదినకు తోడుగా అన్నతో పాటు నన్నూ పంపారు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, యెమ్మిగనూరు దగ్గరపడేకొద్దీ చేతిగాజులు పైకి కిందికి జరుపుకుంటూ ఉంది. గాజులు మోచేతి దాకా పోయి వస్తున్నాయి. నేను చూశాను. చూసి, ఒళ్ళు తగ్గింది కదా, ఇంకా కడుపు ఎందుకు నిలవలేదా అనుకున్నాను. అవ్వ లెక్క నా లెక్క అయిపోయింది అప్పటికే.

రంగయ్య మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మేనకోడల్ని చూసి లేచాడు. మంచీ చెడూ అడగకుండా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తిప్పి చూడలేదు, ఊరికే పట్టుకున్నాడు. అన్న వైపు తిరిగి చాలా మెల్లగా అన్నాడు.

"మాదే పొరపాటప్పా. మణికట్టు చూసినాం, ఇల్లు చూడలేదు."

అన్న మంచినీళ్ళు కూడా తాగకుండా నాతో తిరుగు బస్సెక్కాడు. ఆ మాట మాత్రం అన్నలో పని చేసింది. కొన్ని నెలల తరువాత ఒక రోజు అంగట్లో నాయనతో, "నేను యెమ్మిగనూరికి పోతాండా. నూలు యాపారం సూసుకుంటా" అని చెప్పి కట్టుబట్టలతో పోయాడు. మళ్ళీ ఆ ఇంటికి పండగకు రాలేదు, అవ్వ పోయినప్పుడు వచ్చి మూడోరోజే వెళ్ళిపోయాడు. పిల్లలు పుట్టలేదు. వాళ్ళిద్దరూ ఒకరికొకరుగా ఉన్నారు. మేము మాత్రం మారలేదు. నా పెళ్ళికి వాళ్ళు వచ్చినా, ఒడిబియ్యం పోసేటప్పుడు పేరంటాళ్ళందరినీ పిలిచి వదినను పిలవలేదు. గొడ్రాలి చేయి తగలకూడదని. ఆమె వంటింటి దగ్గర తమలపాకులు తుడుస్తూ కూర్చుంది. నేను పీటల మీద నుంచి ఆమెను చూసి తలదించుకున్నాను. పెళ్ళికూతురు కదా, సిగ్గు అనుకున్నారు అందరూ.

అన్న పోయి చాలా ఏళ్ళయింది. వదిన యెమ్మిగనూరులో తమ్ముడి కొడుకు ఇంట్లో ఉంది. మేఘన ఆ సంగతి చెప్పిన వారానికే నేను ఆ పిల్లను వెంటబెట్టుకుని కారులో పోయాను. దారిలో ఏం చెప్పాలో వరుసగా అమర్చుకున్నాను. ఖచ్చితంగా ఇదే కారణమని రుజువు లేదు, ఆ మాట కూడా చెప్పాలి. లేనిదాన్ని ఉన్నదని చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆమె మీద వేసిన భారం ఆమెది కాకపోవచ్చునని, అది మా ఇంటిదని, మా ఇంటి తరఫున బతికున్నది నేనొక్కదాన్నే కాబట్టి నేనే చెప్పాలని అనుకున్నాను. పాత లెక్క ఒకటి సరిచేసి రావడానికి పోతున్నట్టు ఉంది నాకు. మనసులో ఎక్కడో కొంచెం తేలిక కూడా ఉంది.

వదిన మంచం మీద కూర్చుని ఉంది. చెవి కొంచెం మందం. మేఘన భుజాలు తడిమి, "ఏం పిల్లవమ్మా, గోదాలో దిగేటట్టుండావు" అని నవ్వింది. మేఘనకు తమలపాకు చుట్టి ఇవ్వబోతే ఆ పిల్ల వద్దంది. "తినాల్సింది తినకపోతే యెట్లమ్మే" అంది. నేను మెల్లగా మొదలుపెట్టి, అనుకున్నదంతా వరుసగా చెప్పాను. పచ్చి పాల సంగతి, విషం సంగతి, రుజువు లేదన్న సంగతి కూడా. అయిపోయాక ఆమె ఏడుస్తుందేమో, నన్ను తిడుతుందేమో, రెండూ న్యాయమే అని కూర్చున్నాను.

"ఆ పాలు మీ అన్న ఒక్కడే తాగినాడా సరోజా?" అంది.

"ఇంకెవరు తాగినారు వదినా?"

"నేను తాగినా. దినామూ." మామూలుగా చెప్పింది. "రుబ్బేదాన్ని నేనే గదా. చెంబులో పోసి ఇంకో గుక్కెడు నా కోసరం దాచుకుంటాంటిని. గుడ్డలో మిగిలిన పిప్పి గూడా తింటాంటిని. బర్రెకు కొంచెం తక్కువే పడతాండె పాపం."

నేను అమర్చుకుని వచ్చిన లెక్క అంతా కలగలిసిపోయింది. ఎవరి ఒంట్లో ఏం చెడిందో ఇక ఎవరూ చెప్పలేరు. అడగకూడదని తెలిసీ అడిగాను.

"ఎందుకు వదినా?"

ఆమె నన్ను కొంచెం వింతగా చూసింది, ఇంత సులభమైన ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు.

"ఆకలైతాండె."

బయట కారు డ్రైవరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మేఘన నేల చూస్తోంది. ఊరంతటికీ గింజలు తూచి అమ్మిన ఇల్లు మాది. అరలో బెల్లం దిమ్మెలు, బుడ్డల మూటలు, కందిపప్పు బానలు. ఆ గోడ అవతల రోటి దగ్గర కూర్చుని ఒక పిల్ల ఎద్దుల మేత తింది.

"అమ్మనైనా అడిగింటే పెట్టింటుండె గదా" అన్నాను.

వదిన నవ్వింది. నిజంగానే నవ్వింది, పళ్ళు లేని నోటితో.

"మీ అమ్మను అడిగేదేంది. ఒకరోజు నేను పిప్పి నోట్లో పెట్టుకుంటాంటే వచ్చి సూసింది. అరుస్తాదేమోనని భయపడినా. నా పక్కన కూసోని తనూ ఇంత తీసి నోట్లో ఏసుకునింది. నమిలింది, నమిలింది. మింగి ఏమన్నాదో తెలుసునా? 'కొంచెం బెల్లం ఉంటే బాగుండు గదమ్మే' అన్నాది. ఇద్దరం నోరు మూసుకోని నవ్వుకున్యాం. ఆడినించి దినామూ ఇద్దరం పంచుకుంటాంటిమి."

"బెల్లం?" అన్నాను.

"బెల్లం మీ అవ్వ నడుముకుండె గదా" అంది వదిన.